జపాన్‌లో ఇంటర్న్‌షిప్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఒసాకాలో ఒక కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఖాయమైంది, స్టైపెండ్ ఇస్తారు. జపనీస్ అంతంతమాత్రం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: ముందు కాగితాల సంగతి. స్టైపెండ్ ఉంది కాబట్టి కాలేజీకీ కంపెనీకీ మధ్య ఒప్పందపత్రం ఉండాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి డబ్బు తీసుకోవడం నేరం, ఎవరు పర్వాలేదన్నా వినకండి. అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి కంపెనీ మీకు ‘సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ’ (వీసా దరఖాస్తుకు జతచేసే అర్హత పత్రం) తెప్పిస్తుంది. దానికి 3 నెలలే గడువు, ఆలోగా జపాన్‌లో దిగాలి. అందుకే మీ పరీక్షల తేదీలు కంపెనీకి ముందే చెప్పండి.

కాన్సాయ్ విమానాశ్రయంలో దిగగానే రెసిడెన్స్ కార్డు ఇస్తారు. బయటికి వెళ్లినప్పుడల్లా అది జేబులో ఉండాల్సిందే. గదిలో చేరిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసుకెళ్లి కార్డు వెనక చిరునామా రాయించుకోండి. కంపెనీ బీమా లేకపోతే అదే ఆఫీసులో జాతీయ ఆరోగ్య బీమాలో కూడా చేరిపోండి. అప్పుడు వైద్యం ఖర్చులో మీరు కట్టేది 30 శాతమే.

అసలు ఇబ్బంది ఆఫీసులో మొదలవుతుంది. పని అప్పజెప్పాక సూపర్‌వైజర్ మళ్లీ పలకరించకపోవచ్చు. అంతా పూర్తిచేసి ఒకేసారి చూపిద్దామని ఇంటర్న్ రెండు రోజులు కిమ్మనకుండా కూర్చుంటాడు. అవతలివాళ్లకేమో అది బాధ్యత లేనితనంగా కనిపిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం, మార్పులుంటే తెలియజేయడం, సందేహమొస్తే సలహా అడగడం అక్కడ పనిలో భాగమే. దీన్నే ‘హోరెన్‌సో’ అంటారు. మధ్యాహ్నంలోపు ఇంత పంపితే చాలు: “డేటా సరిచేయడం సగమైంది. రెండు ఫైళ్లలో తేదీలు కలవడం లేదు. కొత్త ఫైలునే తీసుకోనా? మిగతాది సాయంత్రానికి అవుతుంది.” తప్పు జరిగితే ఆ నిమిషమే చెప్పండి. సరిదిద్దుకున్నాక చెబుదామని ఆగితే తప్పుకంటే ఆలస్యమే పెద్దదవుతుంది.

రైలు ఆలస్యమైతే ముందు ఆఫీసుకు మెసేజ్ పెట్టి, స్టేషన్‌లో ఆలస్య ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అక్కడ అది మామూలే.

ప్రశ్న: మద్యం ముట్టను, శాకాహారిని. టీమ్ విందులకు వెళ్లకపోతే తప్పుపడతారా?

జవాబు: అన్నిటికీ వెళ్లక్కర్లేదు కానీ, మీకు స్వాగతం చెప్పే విందు మాత్రం వదులుకోకండి. ఆఫీసులో నోరు విప్పని సీనియర్లు అక్కడే మాట్లాడతారు. ఊలాంగ్ టీ చెప్పుకోండి, గ్లాసు ఎత్తితే చాలు, అందులో ఏముందని ఎవరూ చూడరు. భోజనం విషయంలో ‘శాకాహారం’ అని ఊరుకుంటే చేపల రసం వచ్చేస్తుంది. మీసో సూప్‌లో, ఊదోన్ నూడుల్స్ పులుసులో కూరగాయలే కనిపించినా అడుగున ఉండేది సాధారణంగా ఎండుచేపతో కాచిన ‘దాషి’. మాంసం, చేప, దాషి మూడూ తిననని జపనీస్‌లో కాగితం మీద రాయించుకుని, విందు ఏర్పాటు చేసేవాళ్లకు కొన్ని రోజుల ముందే ఇవ్వండి. హోటల్లో కూర్చున్నాక చెబితే వంటవాళ్లు మార్చలేరు, పిలిచినవాళ్లు నొచ్చుకుంటారు.