పాట ఇతనిది, గొంతు ఇంకొకరిది

ప్రశ్న: క్రిస్ క్రిస్టాఫర్సన్‌ను హాలీవుడ్ సినిమా ‘బ్లేడ్’లో విస్లర్‌గానే చూశాను. పెద్ద పాటల రచయిత అంటారు. మరి ఆయన పాడిన హిట్లు కనబడవేం? (విజయనగరం పాఠకుడు)

జవాబు: ఆయన గొంతులో వెతికితే దొరకవు. 1970లో ‘ఫర్ ద గుడ్ టైమ్స్’ రే ప్రైస్ పాడాడు, ‘సండే మార్నింగ్ కమింగ్ డౌన్’ జానీ క్యాష్ పాడాడు. ‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ 1969లో రోజర్ మిల్లర్ రికార్డు చేశాడు. అదే పాట జానిస్ జాప్లిన్ గొంతులో 1971 మార్చిలో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి ఆమె పోయి ఐదు నెలలు. క్రిస్‌ది గరుకు గొంతు, పాడుతున్నాడో చెబుతున్నాడో తెలియదు. మాకైతే అదే ఇష్టం. ఆయన సొంతంగా పాడి కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటల చార్టులో మొదటి స్థానం అందుకున్నది ‘వై మీ’ (1973) ఒక్కటే.

వినడం 1970 నాటి తొలి ఆల్బమ్ ‘క్రిస్టాఫర్సన్’తో మొదలుపెట్టండి. దాన్నే 1971లో ‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ పేరుతో మళ్లీ వదిలారు. రెండు వేర్వేరు ఆల్బములనుకుని రెండూ కొనకండి.

ప్రశ్న: వేరేవాళ్లు పాడితే రాసినవాడికి ఏం మిగులుతుంది? (ఖమ్మం)

జవాబు: బాగానే మిగులుతుంది, హక్కు చేతిలో ఉంటే. 1909 నుంచి 1977 దాకా అమెరికా చట్టం కట్టిన రేటు రికార్డుకు, పాటకు 2 సెంట్లు. లక్ష రికార్డులు అమ్ముడైతే 2,000 డాలర్లు. సగం పాట హక్కులు చూసే పబ్లిషరుకు పోవడం ఆనవాయితీ, మిగతా వెయ్యి రచయితది. ‘బాబీ మెక్‌గీ’లో ఆ వెయ్యికీ వాటాదారు ఉన్నాడు: పాట పేరు అందించిన నిర్మాత ఫ్రెడ్ ఫాస్టర్. ఇక రేడియో. అక్కడి స్టేషన్లు రచయితకూ పబ్లిషరుకూ కడతాయి, పాడినవాళ్లకు కట్టవు. ఒకే పాట పదిమంది పాడితే వాళ్లలో వాళ్లు పోటీపడాలి. రాసినవాడికి మాత్రం పది చోట్ల నుంచీ వస్తుంది. మన సినీకవులు చాలాకాలం పాటకింతని తీసుకుని ఊరుకున్నారు. సినిమా హాలు బయట వాడుకకు రాయల్టీలో సమాన వాటా 2012 చట్ట సవరణతోగానీ గట్టిపడలేదు.

ప్రశ్న: క్రిస్ వెళ్లి జానీ క్యాష్ ఇంటి ముందు హెలికాప్టర్ దించాడట. నిజమేనా? (హ్యూస్టన్ నుంచి)

జవాబు: దించిన మాట నిజం. సైన్యంలో హెలికాప్టర్ పైలట్, కెప్టెన్ హోదా. 1965లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం కాదని, కంట్రీ పాటల ఊరు నాష్‌విల్ వచ్చి కొలంబియా స్టూడియోలో గదులు ఊడ్చాడు. లూసియానా వైపు సముద్రంలోని చమురు బావులకు హెలికాప్టర్ నడిపాడు. ఒక చేత్తో బీరు, ఇంకో చేత్తో పాటల టేపు పట్టుకుని దిగాడన్నది క్యాష్ చెప్పే కథ, క్రిస్ ఒప్పుకోలేదు. హెలికాప్టర్‌కు ఒక చెయ్యి సైక్లిక్ (దిశ మార్చే కర్ర) మీద, రెండోది కలెక్టివ్ (పైకీ కిందికీ నడిపే లివర్) మీద, కాళ్లు రెండూ పెడల్స్ మీద ఉండాలి. బీరుకు చెయ్యేదీ?

ప్రశ్న: గోల్డెన్ గ్లోబ్ తెచ్చుకున్న హీరో చిన్న పాత్రలకు ఎందుకు దిగాడు? (తెనాలి)

జవాబు: ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ (1976)తో గ్లోబ్ వచ్చింది. 1980లో ‘హెవెన్స్ గేట్’ ముంచింది. సుమారు 4.4 కోట్ల డాలర్ల ఖర్చు, మూడున్నర గంటలకు పైగా నిడివి. న్యూయార్క్‌లో వారానికే వెనక్కి తీసుకుని, కత్తిరించి 1981లో వదిలినా ఆడలేదు. తప్పు దర్శకుడు మైకేల్ చిమినో పద్దులది, శిక్ష హీరోకూ పడింది. ఆయన నటన చూడాలంటే ‘లోన్ స్టార్’ (1996)లో దుర్మార్గుడైన షెరిఫ్‌ను చూడండి. తెరమీద ఉండేది కాసేపే.