రేటింగ్ ఏజెన్సీకి సెబీ రిజిస్ట్రేషన్ ఉందని ఇంటి మీద అప్పు తెస్తారా?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నాకు 38 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 1,80,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, నెలకు 12 వేలు. ఒక పాప, నాలుగో తరగతి. ఊళ్లో అమ్మకు నెలకు 12 వేలు పంపుతాను. ఫ్లాటు ఈఎంఐ 62 వేలు, పాప ఫీజు నెలకు పడేసుకుంటే 15 వేలు, ఇంటి ఖర్చు మెయింటెనెన్స్‌తో కలిపి 38 వేలు, ఇన్సూరెన్సులు వగైరా 5 వేలు, సిప్‌లు 25 వేలు. హోమ్ లోన్ మీద 10 లక్షల టాప్-అప్ 9.5 శాతానికి ఇస్తామని బ్యాంకు వాళ్లు అంటున్నారు. మా తోడల్లుడు ఒక ఫైనాన్స్ కంపెనీ ఎన్‌సీడీలు (షేర్లుగా మార్చని డిబెంచర్లు, అంటే కంపెనీ అప్పు తీసుకుంటూ ఇచ్చే బాండ్లు) చూపించాడు: 12.25 శాతం, మూడేళ్లు, నెలనెలా వడ్డీ. కంపెనీ అప్పు తీర్చగలదా అని చూసి ఏజెన్సీ ఇచ్చిన రేటింగ్ ‘ఏ మైనస్’ (A-). రేటింగ్ ఇచ్చిన ఏజెన్సీ సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) దగ్గర రిజిస్టర్ అయినదేనని చెక్ చేశాను. సెబీ చూసుకుంటోంది కాబట్టి భయం లేదు కదా? టాప్-అప్ 10 లక్షలు, అత్యవసరానికని ఎఫ్‌డీలో దాచిన 4 లక్షలు కలిపి పెడదామనుకుంటున్నాను. తేడా 2.75 శాతం ఊరికే వస్తుంది కదా. ఈ వారంలో సంతకం పెట్టాలి. నా సిబిల్ స్కోరు 790.

జవాబు: సంతకం పెట్టకండి. బ్యాంకు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే వద్దని చెప్పేయండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, అన్నింటికీ జవాబు రాయను. మీదానికి రాయడానికి కారణం ఆ ఒక్క మాట, ‘సెబీ చూసుకుంటోంది’. బాగా చదువుకుని, ఎక్సెల్ షీట్లు వేసుకుని లెక్కలు చూసేవాళ్లే ఇక్కడ బోల్తా పడుతున్నారు. మీరు ఏజెన్సీ రిజిస్ట్రేషన్ వెతికి చూశారు, మంచిదే, ఆ పని కూడా చేయనివాళ్లే ఎక్కువ. కానీ మీరు చూసిన రిజిస్ట్రేషన్ రేటింగ్ ఇచ్చినవాళ్లది. అప్పు తీసుకుంటున్న కంపెనీ మీకు డబ్బు తిరిగి ఇస్తుందా లేదా అన్నదానికి దానితో సంబంధం లేదు. ఆర్టీవో ఆఫీసు డ్రైవరుకు లైసెన్సు ఇస్తుంది, బస్సులో మీ పక్కన కూర్చోదు.

సెబీ ఆ రిజిస్ట్రేషన్‌లో ఏం చూస్తుందో చెబుతాను. 1999లో వచ్చిన క్రెడిట్ రేటింగ్ ఏజెన్సీల నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ లేకుండా మన దేశంలో ఈ పని చేయకూడదు. రేటింగ్ ఏజెన్సీల్లో క్రిసిల్ 1987లోనూ, ఇక్రా, కేర్ తొంభైల మొదట్లోనూ మొదలయ్యాయి, ఈ నిబంధనలు తర్వాత వచ్చాయి. ఏజెన్సీని స్థాపించే ప్రమోటరు ఎవరై ఉండాలో నిబంధనల్లోనే ఉంది: బ్యాంకు, ప్రభుత్వ ఆర్థిక సంస్థ, అనుభవమున్న విదేశీ రేటింగ్ సంస్థ, లేదా పెద్ద నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) ఉన్న కంపెనీ. ఏజెన్సీకి కనీస నెట్‌వర్త్ మొదట 5 కోట్లు ఉండేది, 2018లో 25 కోట్లు చేశారు. ఒక ఏజెన్సీ మరో ఏజెన్సీలో 10 శాతం గానీ, అంతకు మించి గానీ వాటా పెట్టుకోకుండా కూడా అప్పుడే కట్టడి చేశారు. తన ప్రమోటరు జారీ చేసిన బాండ్లకు తానే రేటింగ్ ఇచ్చుకోకూడదు. ఫీజు బేరం ఆడేవాళ్లు, రేటింగ్ నిర్ణయించేవాళ్లు వేరువేరుగా ఉండాలి. ఇవన్నీ కావలసినవే. కానీ ఇందులో ఎక్కడైనా మీ 14 లక్షల ప్రస్తావన ఉందా? సెబీ ఏ ఒక్క రేటింగునూ సరైనదని ధ్రువీకరించదు. ఏజెన్సీ కూడా తన నోట్ అడుగున చిన్న అక్షరాల్లో రాస్తుంది: ఇది అభిప్రాయం మాత్రమే, కొనమనీ కాదు, అమ్మమనీ కాదు.

ఆ అభిప్రాయానికి ఫీజు కట్టేది ఎవరు? అప్పు తీసుకునే కంపెనీయే.

2018 మధ్య దాకా ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థకు ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికన్నా పై రేటింగ్ ఉండేది. సెప్టెంబరుకల్లా డీకి వచ్చింది, అంటే బాకీ ఎగ్గొట్టినట్టు. ఆ గ్రూపు అప్పు సుమారు 91,000 కోట్లు. రేటింగ్ ఇచ్చిన ఏజెన్సీల్లో ఏ ఒక్కటీ రిజిస్ట్రేషన్ లేనిది కాదు. సెబీ 2019 డిసెంబరులో జరిమానాలు వేసింది, 25 లక్షల చొప్పున. మరుసటి ఏడాది కోటికి పెంచింది. 91,000 కోట్ల ముందు కోటి! 2019లో ఇళ్ల రుణాలిచ్చే దివాన్ హౌసింగ్ కంపెనీ సంగతీ అంతే, ఆ ఏడాది మొదట్లో దాకా పై రేటింగే. అందులో ఎఫ్‌డీలు పెట్టినవాళ్లలో చాలామందికి అసలు కూడా పూర్తిగా రాలేదు. ఆ రోజుల్లో బీటీఎం లేఅవుట్ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి నా దగ్గరికి వచ్చారు, నెల్లూరు ఆయన. ఆయన బాండు వేరే కంపెనీది, పేరు ఎందుకులెండి. రేటింగ్ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చారు. దాని మీది తేదీ చూస్తే పద్నాలుగు నెలల కిందటిది. ఆ మధ్యలో రెండు సార్లు తగ్గించారు. ఆ సంగతి ఏజెన్సీ వెబ్‌సైట్లో ఉంది, ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏజెన్సీలు బయటపెట్టి తీరాల్సిన సమాచారం బోలెడంత ఉంది. మనవాళ్లు అక్షరం చూసి ఆగిపోతారు. మీ తోడల్లుడు గారు వాట్సాప్‌లో పంపిన బ్రోచర్ పక్కన పెట్టి, ఆ ఏజెన్సీ వెబ్‌సైట్లో కంపెనీ పేరు కొట్టండి. రేటింగ్ ఎందుకు ఇచ్చారో చెప్పే నోట్ వస్తుంది. ముందు కింద ఉన్న పట్టిక చూడండి. ఏ బాండుకు రేటింగ్ ఇచ్చారో ఐఎస్ఐఎన్ నంబరు (ఒక్కో బాండును గుర్తుపట్టే నంబరు), వడ్డీ, గడువుతో సహా ఉంటుంది. మీకు అమ్ముతున్న ఎన్‌సీడీ అందులో ఉందా? చాలాసార్లు కంపెనీ బ్యాంకు రుణాలకు వచ్చిన రేటింగును చూపించి వేరే కాగితం అంటగడతారు. తర్వాత మూడేళ్ల రేటింగ్ చరిత్ర. ఏ మైనస్‌కు కింది నుంచి ఎక్కిందా, పై నుంచి జారిందా? జారుతున్న మెట్టు మీద మీరు కాలు పెట్టకూడదు. ఆ తర్వాత లిక్విడిటీ అనే పేరా. 2019 నుంచి ఏజెన్సీలు దాన్ని సూటిగా ఒక్క మాటలో చెప్పాలి: బలంగా ఉందా, సరిపోతుందా, లాగుడుగా ఉందా, బాగాలేదా. చేతిలో డబ్బెంత, వచ్చే నెలల్లో కట్టాల్సిందెంత అన్నది అక్కడ తెలుస్తుంది. నేనైతే అక్షరం కన్నా ముందు ఆ పేరా చదువుతాను. ఏం జరిగితే రేటింగ్ తగ్గిస్తామో కూడా వాళ్లే రాసి ఉంచుతారు, అది కూడా చదవండి.

కంపెనీ పేరు పక్కన ‘ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్’ అని కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేయండి. లెక్కలు ఇమ్మంటే కంపెనీ ఇవ్వలేదు, దొరికిన సమాచారంతో రేటింగ్ నెట్టుకొస్తున్నాం అని దానర్థం. సొంత ఏజెన్సీకే లెక్క చూపించనివాళ్లు మీకేం చూపిస్తారు? ఇంకోటి, కంపెనీ ఒప్పుకోని రేటింగులను కూడా ఏజెన్సీలు తమ సైట్లో పెట్టాలి. ఒకచోట ట్రిపుల్ బీ వస్తే కాదని ఇంకోచోటికి వెళ్లి ఏ మైనస్ తెచ్చుకునే కంపెనీలు ఉంటాయి. వేరే ఏజెన్సీల సైట్లలో కూడా పేరు వెతికితే పది నిమిషాల పని.

ఏ మైనస్ అంటే స్కూలు గ్రేడులా ‘ఏ’ చూసి మురిసిపోకండి. ట్రిపుల్ ఏ నుంచి దిగుతూ లెక్కపెడితే అది ఏడో మెట్టు. ఇంకో మూడు మెట్లు దిగితే ట్రిపుల్ బీ మైనస్, అంటే పెట్టుబడికి పనికొచ్చే వాటిలో చివరిది. అన్నట్టు, మీ ఉత్తరం చివర మీ సిబిల్ 790 అని రాశారు. ఆ స్కోరుకూ దీనికీ చుట్టరికం లేదు. వ్యక్తుల అప్పుల చరిత్ర పెట్టే కంపెనీలు 2005 చట్టం కింద ఆర్‌బీఐ పరిధిలో ఉంటాయి. మీరు బాగా కడతారని ఆ స్కోరు చెబుతుంది, అందుకే బ్యాంకు మీ వెంట పడుతోంది. ఎదుటి కంపెనీ కడుతుందని కాదు.

ఇక ఊరికే వచ్చే 2.75 శాతం సంగతి. 10 లక్షల మీద ఏడాదికి వడ్డీ 1,22,500. బ్యాంకుకు మొదటి ఏడాది మీరు కట్టే వడ్డీ సుమారు 95,000. అప్పు వడ్డీని ఖర్చుగా చూపించుకోవచ్చని మీ ఆడిటర్ అంటారు, సరే, అలాగే వేద్దాం. మిగిలిన 27,500 మీద మీ శ్లాబులో సెస్‌తో కలిపి 31.2 శాతం పన్ను పోతే 18,900 చిల్లర. నెలకు 1,600 కూడా కాదు. టాప్-అప్ ప్రాసెసింగ్ ఫీజు ఇంకా తీయలేదు. పాపను, ఆవిడను తీసుకుని ఫీనిక్స్ మాల్‌కు ఒక ఆదివారం వెళితే అయిపోయే డబ్బు కోసం ఫ్లాటు మీద ఇంకో 10 లక్షల భారం ఎత్తుకుంటారా?

అది కూడా అంతా సవ్యంగా జరిగితే. పదేళ్లకైతే టాప్-అప్ ఈఎంఐ దాదాపు 12,940. ఎన్‌సీడీ నుంచి నెలకు వచ్చేది 10,208, అందులో 10 శాతం టీడీఎస్ పోతే 9,187. కాబట్టి మొదటి నెల నుంచే మీ జేబులోంచి 3,750 పోతుంది. కంపెనీ ఒక్క నెల వడ్డీ ఆపినా ఈఎంఐ ఆగదు. మీ తోడల్లుడు గారిని ఒక ప్రశ్న అడగండి: జీతం మీద బతికే మీకే 9.5కు అప్పు దొరుకుతుంటే, కంపెనీ 12.25 ఇచ్చి మీ దగ్గర ఎందుకు తీసుకుంటోంది? దానికి ఆ ధరకు ఇచ్చేవాళ్లు లేరు. ఆ తేడాను మీరు లాభం అంటున్నారు, అప్పిచ్చేవాళ్లు దాన్ని రిస్కు అంటారు.

నాకు ఇంతకన్నా కోపం తెప్పించింది ఆ 4 లక్షలు.

అత్యవసరానికని మీరే రాశారు, మళ్లీ అదే వాక్యంలో దాన్ని మూడేళ్లు కదలని చోట పెడతానన్నారు. ఎన్‌సీడీ లిస్ట్ అయితే ఎప్పుడైనా అమ్ముకోవచ్చని మీకు చెప్పి ఉంటారు. ఏ మైనస్ కాగితానికి కొనేవాడు ఎక్స్ఛేంజిలో రోజూ దొరకడు, దొరికినా మీ అవసరం చూసి ధర కోస్తాడు. మీ తప్పనిసరి ఖర్చులు కూడితే, ఈఎంఐ, ఫీజు, ఇల్లు, అమ్మకు పంపేది, ఇన్సూరెన్సులు, నెలకు 1,32,000. ఆ 4 లక్షలు మూడు నెలలకు వస్తాయి. ఉన్నదే సగం. మీ ఇంట్లో జీతం ఒక్కటే, అది కూడా ఐటీ జీతం. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక టవర్లో సోమవారం ఉన్న టీము శుక్రవారానికి లేకపోవడం మీరు చూడలేదా? ఆరు నెలలకు 7,92,000 కావాలి. అది నిండే దాకా వేరే పెట్టుబడి గురించి నన్ను అడగొద్దు.

నిండడం కష్టం కూడా కాదు. జీతం, ట్యూషన్లు కలిపి 1,92,000. ఖర్చులు, సిప్‌లు పోగా మీ దగ్గర నెలకు 35 వేలు మిగలాలి. అది ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు, మీకూ తెలియదనుకుంటాను. జీతం పడిన రోజే 35 వేలు వేరే ఖాతాకు వెళ్లేలా పెట్టండి. ఏడాదిలోపే మిగతా 3,92,000 చేరుతుంది. మొత్తం ఒకే బ్యాంకులో వద్దు. 2020 జనవరిలో ఇదే బెంగళూరులో గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు డిపాజిటర్లు 35,000 మించి తీసుకోకుండా ఆర్‌బీఐ ఆంక్ష పెట్టింది. బసవనగుడిలో రిటైరైన వాళ్ల పరిస్థితి అప్పుడు చూశాను. ఆ మరుసటి నెలలో డిపాజిట్ బీమా 5 లక్షలకు పెంచారు. అందుకే రెండు బ్యాంకులు, ఒక్కోదాంట్లో 5 లక్షల లోపు, వడ్డీ అర శాతం తక్కువైనా పర్లేదు. ఎన్‌సీడీకి ఆ బీమా వర్తించదు.

ఈ అత్యవసర నిధి నిండాక బాండ్ల మీద మోజు తీరకపోతే సొంత డబ్బుతో, మొత్తం పొదుపులో ఐదు శాతం మించకుండా, డబుల్ ఏ దిగకుండా చూసుకోండి. హోమ్ లోన్ అసలులో కొంత ముందుగా కట్టినా మంచిదే. అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు, లేకపోతే అది ఈ నెలలోనే.

తోడల్లుడు గారి మాట కాదంటే ఇంట్లో ఇబ్బంది అంటారేమో. కాదనక్కర్లేదు. ఆ ఎన్‌సీడీ ఐఎస్ఐఎన్ నంబరు, రేటింగ్ నోట్ తేదీ పంపమనండి. తాను ఎంత పెట్టారో, దీని మీద తనకేమైనా కమీషన్ వస్తుందో అది కూడా అడగండి.