చెంబు మీద పేరు, చేతికి నాలుగు డబ్బులు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే ఉండి ఏదైనా చేద్దామని పేర్లు వేసే కరెంటు పెన్ను కొన్నాను. స్టీలు గ్లాసు మీద పెడితే జారిపోయి పిచ్చి గీతలు పడుతున్నాయి. తెలిసినవాళ్లేమో పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి గిఫ్టులు చేసిపెట్టమంటున్నారు. ఉలితో చేతిపని నేర్చుకోవాలా? ఎంత తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ స్టీలు గ్లాసు పక్కన పెట్టేయండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంత మొండి సరుకు ఇంకోటి లేదు. ఒకేచోట రుద్దేకొద్దీ అక్కడ ఇంకా గట్టిపడుతుంది. ఇత్తడి రేకు ముక్కలతో మొదలుపెట్టండి. రాగి మెత్తనే గానీ ఉలిని పట్టుకుని వదలదు, ఇత్తడి శుభ్రంగా తెగుతుంది. రేకు మీద చెయ్యి కుదిరాక చెంబులకి వెళ్లొచ్చు. ఇత్తడి సామానుకి పేరుపడ్డ బుడితి మీకు పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది.

చేతిపని నేర్చుకోమనే నా సలహా. ఇది సుత్తితో కొట్టే ఉలి కాదు, చేత్తో నెట్టే సన్న ఉలి. దాని పిడి అరచేతిలో ఆనాలి, బొటనవేలు సామాను మీద ఆసరాగా ఉండాలి. వంపు వచ్చినప్పుడు ఉలి తిప్పకూడదు, సామానే తిప్పాలి. అందుకే మందపాటి గుడ్డతో చిన్న సంచి కుట్టి ఇసుక నింపి, దాని మీద చెంబు పెట్టుకుంటారు. దొర్లదు, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మన తెలుగక్షరాలన్నీ వంపులే కాబట్టి సగం పని ఈ తిప్పడంలోనే ఉంది. కళ్లజోడు లేకుండా కూర్చోవద్దు, సన్నని రవ్వలు ఎగురుతాయి.

అసలు కష్టం లోహంతో కాదు, అక్షరంతో. ‘లక్ష్మి’ అని చెక్కాలంటే కింద ఒత్తులకి చోటు వదలాలి. అది మర్చిపోతే చివర్లో ఒత్తులు అంచు మీదికి పోతాయి. చెంబు మీద తెల్ల పోస్టర్ కలరు పల్చగా పూసి, ఆరాక పెన్సిలుతో రాసి, సూదితో సన్నగా గీసి, అప్పుడు ఉలి పెట్టండి. చెక్కాక నల్ల రంగు రుద్ది తుడిచేస్తే గాడిలో మాత్రమే నిలుస్తుంది. పూరీ దగ్గర రఘురాజపూర్‌లో తాటాకుల మీద బొమ్మలు వేసేవాళ్లదీ ఇదే పద్ధతి. ముందు గంటంతో గీస్తారు, ఆ తర్వాత మసి రుద్దితే బొమ్మ తేలుతుంది.

మీ దగ్గర ఒడియాలో కూడా అడుగుతారు. లిపి రాకపోతే చూసి గీయకండి. వాళ్లచేతే రాయించి ట్రేసింగ్ పేపరుతో దించుకోండి. తెలుగు పేరైనా కాగితం మీద రాయించుకోవాల్సిందే. ‘సాయి’నా ‘సాయీ’నా అన్న గొడవ చెక్కాక వస్తే చేసేదేమీ ఉండదు.

లేజర్ మిషన్ నిమిషాల్లో పేరు వేసేస్తుంది, దానితో పోటీ వద్దు. వాళ్ల అమ్మగారి చేతిరాత, తాతగారి సంతకం, ఇలాంటివి అడిగి తెప్పించుకోండి. మిషన్ కూడా సంతకం దించగలదు, కాదనను. కానీ మంచి ఉలి కోసిన గాడికి వచ్చే మెరుపు దానికి రాదు. కొనేవాళ్లకి ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ధర అక్షరానికి ఇంతని చెప్పకండి, అది స్టీలు కొట్ల లెక్క. గంటకి 150 రూపాయలు అనుకుంటే, రెండు గంటల పనికి చెంబు ఖరీదు కాక 300. బంధువులకైతే మరీ ముందే చెప్పాలి. ‘పేరే కదా, రాసిపెట్టు’ అనేవాళ్లు మన వైపు చాలామంది! వెండి సామాను ఇస్తే వాళ్ల ఎదుటే తూకం వేసి రాసుకోండి, చెక్కినప్పుడు రాలిన పొట్టు కూడా పొట్లం కట్టి ఇచ్చేయండి. అయినా మొదటి ఏడాది వెండి జోలికి పోకపోతేనే మంచిది.

ప్రశ్న: కళాయి (తగరం పూత) పెట్టించిన ఇత్తడి గిన్నె లోపల, అడుగున పేరు చెక్కించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దండి. కళాయి తెగి ఇత్తడి బయటపడుతుంది. చింతపండు పులుసు పెట్టారంటే అక్కడే చిలుము పడుతుంది. బయట, అంచు కింద చెక్కించుకోండి. నల్ల రంగు మాత్రం నింపించకండి, మళ్లీ కళాయి పెట్టించినప్పుడు ఆ మంటకి కాలిపోతుంది.