టీ-34 ట్యాంక్ ప్లాస్టిక్ మోడల్ కిట్ కట్టాను కానీ బొమ్మలా ఉంది, అసలు ట్యాంకులా కనిపించాలంటే ఏం చేయాలి?

ముందు ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ, చూడండి. ఈ సోవియట్ ట్యాంకులో ట్రాక్ పైభాగాన్ని మోసే చిన్న రోలర్లు ఉండవు. అందుకే అది వేలాడుతూ పెద్ద చక్రాల మీదే ఆనుకుంటుంది. మీ మోడల్‌లో అది తీగ లాగినట్టు బిగుతుగా ఉంటే ఎంత మంచి రంగు వేసినా బొమ్మలాగే ఉంటుంది. ట్రాక్ ఒక్కో ముక్కగా అతికించే విడి లింకులైతే జిగురు పూర్తిగా ఆరకముందే, ఇంకా వంగుతుండగానే చక్రాల మీద పరిచి, ట్రాక్‌కీ పైన ఉన్న ఫెండర్‌కీ (మడ్‌గార్డ్ లాంటి రేకు) మధ్య దూది కుక్కండి. రాత్రంతా అలాగే వదిలేయండి.

తర్వాత టరెట్, అంటే ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం. ఈ ట్యాంకుల టరెట్లలో చాలావరకు పోతపోసిన ఉక్కువి, పైన గరుకుగా ఉండేవి. పల్చటి మోడల్ జిగురు కొద్దికొద్దిగా పూసి, ప్లాస్టిక్ మెత్తబడగానే పాత గట్టి బ్రష్‌తో పొడవండి. ఆరాక వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. మొత్తం పనిలో నాకు చాలా ఇష్టమైనది ఇదే!

1/35 స్కేల్‌లో, అంటే అసలుదానిలో 35వ వంతు సైజులో, సుమారు 6 మీటర్ల హల్ (ట్యాంకు ప్రధాన భాగం) 17 సెంటీమీటర్లే అవుతుంది. అంత చిన్నదాని మీద ముదురు ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది, కాస్త లేతగా కలపండి. బురద, దుమ్ము అన్నిటికన్నా చివర, చక్రాల దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా. జిగురు వాడేటప్పుడు కిటికీ తీసి ఉంచండి.