పాత ఇంటి మరమ్మతు పూర్తయ్యాక ఫర్నిచర్ కోసమే ఇంటీరియర్ డిజైనర్‌ను పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్నలో రెండు సందేహాలు ఉన్నాయి. అమ్మానాన్నల పాత ఇంటికి నేల, వైరింగ్, బాత్‌రూమ్‌లు, రంగులు అన్నీ కొత్తగా చేయించాక మిగిలింది ఫర్నిచర్ మాత్రమే కదా, దానికోసం డిజైనర్‌కు ఫీజు ఇవ్వడం దండగ కాదా అన్నది ఒకటి. పెట్టుకుంటే పని ఎలా చేయించుకోవాలన్నది రెండోది. విశాఖపట్నంలో మా అమ్మానాన్నలు ఉంటున్న ఇంటికి మేము సరిగ్గా ఇదే దశలో ఒక డిజైనర్ సాయం తీసుకున్నాం కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను. నా అభిప్రాయంలో ఆ ఫీజు దండగ కాదు. అయితే ఆ డబ్బుకు మీ చేతికి రావలసిన అసలు వస్తువు కొలతలతో వేసిన ప్లాన్. అది వచ్చేదాకా ఒక్క కుర్చీ కూడా కొనవద్దని గట్టిగా చెబుతాను.

మా డిజైనర్ మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు రంగుల గురించి, తీరుల గురించి ఒక్క మాట అడగలేదు. ఎవరు ఏ గదిలో పడుకుంటారు, తెల్లవారుజామున ముందు ఎవరు లేస్తారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, దీపారాధన ఎవరు చేస్తారు, ఏడాదికి సరిపడే ఊరగాయ జాడీలు ఎక్కడ పెడతారు, సంక్రాంతికి ఎంతమంది వస్తారు, వాళ్లు ఎక్కడ పడుకుంటారు అని వరుసగా అడిగి రాసుకున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. షోరూములో చూడటానికి అందంగా ఉన్న సోఫాలు కొన్ని నేలకు 15, 16 అంగుళాల ఎత్తులోనే ఉంటాయి కనుక, ఆయన చేతుల ఊతం లేకుండా లేవాలంటే కూర్చునే భాగం కనీసం 18 అంగుళాల ఎత్తులో, మరీ మెత్తగా కాకుండా ఉండాలని డిజైనర్ అక్కడికక్కడే తేల్చారు. మంచం ఎత్తు కూడా పరుపుతో కలిపి అదే లెక్కలో పెట్టించారు. అమ్మ ఇప్పటికీ కూరలు తరుగుకునేది నేలమీద పీట వేసుకునే కాబట్టి, వంటింట్లో అడుగున ఒక అలమర తగ్గించి, గాలి వచ్చే కిటికీ పక్కన ఆ చోటు ఖాళీగా వదిలేశారు. మామూలుగా మాడ్యులర్ కిచెన్ కొటేషన్లలో ఆ జాగా కూడా అలమరతో నిండిపోతుంది, ఎందుకంటే వాళ్ల లెక్క చదరపు అడుగుల మీద నడుస్తుంది.

అందువల్ల డిజైనర్‌ను కలిసే ముందు ఫోన్‌లో ఫొటోలు దాచుకోవడం కన్నా, మీ అమ్మగారిని, నాన్నగారిని కూర్చోబెట్టి వాళ్ల రోజు ఎలా గడుస్తుందో రాసుకోవడం మేలు. ఆ ఇంట్లో ఉండేది వాళ్లు. మొదటి సమావేశంలో వాళ్లు తప్పనిసరిగా ఉండాలి. డబ్బు మీరు ఇస్తున్నా, జవాబులు వాళ్ల నోటి నుంచే రావాలి.

ప్లాన్ ఎంత పని చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. పాత ఇంట్లో పడకగది సుమారుగా 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు ఉందనుకుందాం. కింగ్ సైజు పరుపు 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. తల వైపు గోడకు ఆనించి మంచం వేసి, ఎదురు గోడకు 2 అడుగుల లోతున్న వార్డ్‌రోబ్ పెడితే మధ్యలో మిగిలేది రెండున్నర అడుగులే. అందులోనూ మంచం చట్రం, తలాపు బల్ల (హెడ్‌బోర్డ్) కొన్ని అంగుళాలు తినేస్తాయి. వార్డ్‌రోబ్ తలుపు ఒకటిన్నర అడుగు బయటికి తెరుచుకుంటే మనిషి నిలబడటానికి చోటు ఉండదు. 5 అడుగుల క్వీన్ సైజు తీసుకున్నా పొడవు అంతే కనుక ఈ ఇబ్బంది తీరదు, పక్కలు మాత్రం కాస్త విశాలమవుతాయి. అక్కడ జరిపే తలుపులు పెట్టుకోవాలా, లేక వార్డ్‌రోబ్‌ను వేరే గోడకు మార్చాలా అన్నది కాగితం మీదే తేలిపోవాలి. మా డిజైనర్ ప్లాన్ ఇచ్చాక కొత్త టైళ్ల మీద మాస్కింగ్ టేపు అతికించి మంచం, సోఫా, భోజనాల బల్ల హద్దులు గుర్తు పెట్టించారు; నాన్నగారు ఆ హద్దుల మధ్య నడిచి చూసి, టీపాయ్ అడ్డం వస్తోందని చెప్పగానే అది చిన్నదైంది. మీరూ ఈ పని తప్పకుండా అడగండి. మీకు వైరింగ్ పూర్తయిపోయింది కాబట్టి ఇప్పుడున్న ప్రతి స్విచ్ బోర్డు, ప్లగ్ పాయింట్, ఏసీ పైపు ఆ ప్లాన్‌లో కనిపించాలి. లేకపోతే తలాపు బల్ల వెనక స్విచ్‌లు చిక్కుకుపోయి, కొత్త రంగు వేసిన గోడను మళ్లీ చెక్కించవలసి వస్తుంది.

ఇక డబ్బు సంగతి. డిజైనర్లు స్థిరమైన ఫీజుకు, చదరపు అడుగు లెక్కకు, మొత్తం ఖర్చులో ఇంత శాతం అన్న లెక్కకు పని చేస్తారు. డిజైన్, వడ్రంగం, సామాను అన్నీ తామే చూసుకునే టర్న్‌కీ పద్ధతి కూడా ఉంది. శాతం పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే మన ఖర్చు పెరిగే కొద్దీ వాళ్ల ఆదాయం పెరుగుతుంది. మేము డిజైన్‌కు, పర్యవేక్షణకు స్థిరమైన ఫీజు మాట్లాడుకుని, వడ్రంగికి విడిగా చెల్లించాం. డిజైన్ సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. చెప్పిన మొత్తంలో అది కలిసి ఉందో లేదో మొదటే రాయించుకోండి. దుకాణాల నుంచి కమీషన్ వస్తుందా అని మొహమాటపడకుండా అడగండి.

కొటేషన్‌లో “మంచి రకం ప్లైవుడ్” అని రాస్తే ఒప్పుకోవద్దు. బ్రాండు, మందం, ఐఎస్ (భారతీయ ప్రమాణం) నంబరు మూడూ ఉండాలి. ఐఎస్ 710 అంటే తడిని బాగా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 303 సాధారణ వాడకానికి. వంటింటి సింకు కింద, బాత్‌రూమ్ గోడకు ఆనే చోట 710 పెట్టించి, పొడిగా ఉండే పడకగదుల్లో 303తో సరిపెట్టుకోవచ్చు. ఇల్లంతా ఖరీదైన రకం అవసరం లేదు. చదరపు అడుగు ధర చెప్పినప్పుడు వార్డ్‌రోబ్ ముందు భాగం మాత్రమే కొలుస్తారా, లోపలి అరలు, సొరుగులు విడిగా లెక్కిస్తారా అన్నది కూడా తేల్చుకోవాలి. రెండు కొటేషన్ల మధ్య కనిపించే తేడా చాలాసార్లు ఈ కొలత పద్ధతిలోనే ఉంటుంది. చివరి చెల్లింపుగా పది శాతమైనా అట్టిపెట్టుకుని, తలుపులు, సొరుగులు సరిగ్గా పడుతున్నాయని అమ్మగారు వాడి చూసి చెప్పాకే ఇవ్వండి.

మరమ్మతు అయిన ఇంటికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడల్లో తడి చాలాకాలం నిలుస్తుంది. పైకి రంగు ఆరినట్టు కనిపించినా వెనక చెమ్మ ఉంటే, దానికి ఆనించిన వార్డ్‌రోబ్ వెనక పలక బూజు పట్టి ఉబ్బుతుంది. మా డిజైనర్ చెమ్మ కొలిచే పరికరంతో గోడలు చూసి, బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడకు వార్డ్‌రోబ్ వద్దన్నారు. చెదల మందు కూడా చెక్కపని మొదలుకాకముందే కొట్టించారు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక తలుపుల హింజ్‌లు, సొరుగులు జరిగే చానెళ్లు తుప్పును తట్టుకునే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలని పట్టుబట్టారు. మీ ఇల్లు కోస్తాలో అయితే మీరూ అదే కోరండి.

అన్నీ డిజైనర్ చెప్పినట్టే చేయలేదు. హాలంతా ఫాల్స్ సీలింగ్ వేద్దామన్నారు. పాత స్లాబు ఎత్తు తక్కువ, ఫ్యాను ఇంకా కిందికి దిగుతుందని మేము వద్దన్నాం. వంటింట్లో తలుపులు లేని అరలు అందంగా ఉంటాయన్నారు. పోపు జిడ్డు, వీధి దుమ్ము కలిసి గిన్నెల మీద పేరుకుంటాయని అమ్మ ఒప్పుకోలేదు. ఈ మాటలన్నీ ప్లాన్ దశలోనే అనుకోవడం వల్ల ఎవరికీ నొప్పి కలగలేదు. డిజైనర్ తన వాదన చెప్పాలి, మనం మన అలవాటు చెప్పాలి. పని మొదలయ్యాక మార్పులు చెబితే వడ్రంగి సమయం, చెక్క రెండూ వృథా.

పాత సామాను గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. అమ్మమ్మ కాలంనాటి టేకు భోషాణం, ఉయ్యాల బల్ల మా ఇంట్లో ఉన్నాయి. వేరొకరైతే వాటిని అమ్మేయమనేవారేమో. మా డిజైనర్ మాత్రం చెద తిన్న గుర్తులు లేవని చూసుకుని, పాత పాలిష్ గీకించి కొత్తది వేయించి, భోషాణంలో సంక్రాంతి చుట్టాల పరుపులు, దుప్పట్లు సర్దించారు. ఈనాడు అంత దళసరి టేకు కొనాలంటే ఎంత ఖరీదో కలప అడితీలో ఒకసారి అడిగితే తెలుస్తుంది. మా ప్రాంతంలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను లక్కతో నునుపు చేసి బొమ్మలు చేస్తారు. అలాంటి పనితనంతోనే సొరుగులకు పిడులు చేయించారు. హాల్లో వరంగల్ డర్రీ (జంపఖానా) వేశారు. ఇలాంటివి పెద్ద ఖర్చు కాదు, కానీ ఇల్లు షోరూములా కాకుండా మనదిలా కనిపించడానికి ఇవే కారణమని నా నమ్మకం.

డిజైనర్‌ను ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద నమోదు అవసరం. ఇంటీరియర్ డిజైనర్‌కు అటువంటి చట్టబద్ధమైన నమోదు లేదు, ఎవరైనా ఆ బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి కంప్యూటర్ బొమ్మలు చూసి నిర్ణయించవద్దు. వాళ్లు రెండు మూడేళ్ల కిందట పూర్తిచేసిన ఇల్లు ఒకటి చూపించమనండి. ఆ ఇంటివారి అనుమతితో వంటింట్లోకి వెళ్లి సింకు కింద అలమర తలుపు తెరిచి చూడండి, బరువున్న సొరుగును లాగి మూయండి, పలకల అంచుల పట్టీ ఎక్కడైనా ఊడుతోందేమో వేలితో తడమండి, ఏదైనా పాడైనప్పుడు పిలిస్తే డిజైనర్ వచ్చారా లేదా అని ఆ ఇంటి ఇల్లాలిని అడగండి.