డాక్టర్ చీటీ లేకుండా స్కానింగ్ చేయించుకోవచ్చా?

అన్ని స్కాన్‌లకూ కుదరదు: సీటీకి, గర్భిణుల అల్ట్రాసౌండ్‌కు డాక్టర్ చీటీ ఉండాలి, ఎంఆర్‌ఐ మాత్రం కొన్ని సెంటర్లు చీటీ లేకపోయినా తీస్తాయి. సీటీలో రేడియేషన్ ఎక్కువ. ఒక్క ఛాతీ సీటీ పదుల కొద్దీ ఎక్స్‌రేలతో సమానం. గర్భిణుల విషయంలో 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం సెంటర్ గర్భిణి వివరాలుండే ఫారం ఎఫ్ నింపి, చీటీని దాంతోపాటు భద్రపరచాలి.

అయినా చీటీ వట్టి అనుమతి కాగితం కాదు. ఏ భాగం తీయాలి, దేనికోసం వెతకాలి, కాంట్రాస్ట్ (లోపలి భాగాలు స్పష్టంగా కనబడటానికి ఇచ్చే మందు) ఇవ్వాలా అన్నది అందులోనే ఉంటుంది. ఉదాహరణకు, కాలు లాగుతోందని సొంతంగా మోకాలి ఎంఆర్‌ఐ తీయించుకున్నారనుకోండి. నరం నొక్కుకుపోయింది నడుములో అయితే రిపోర్టు నార్మల్ అనే వస్తుంది, డబ్బు దండగ.

ఎంఆర్‌ఐలోనూ రేడియేషన్ ఉంటుందని చాలామంది భయపడతారు. ఉండదు, అది బలమైన అయస్కాంతంతో పనిచేస్తుంది. అందుకే పేస్‌మేకర్, మెదడులో ఆపరేషన్‌లో రక్తనాళానికి పెట్టిన పాత క్లిప్పు లాంటివి ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి.