సర్టిఫికెట్ రాయనా, ప్రాజెక్ట్ చెయ్యనా?

ప్రశ్న: రెండేళ్లుగా జావా సపోర్ట్ ప్రాజెక్ట్‌లో ఉన్నానండీ. కొత్త కోడ్ రాసే చాన్స్ పెద్దగా రాదు, వచ్చిన టికెట్లు, అంటే యూజర్ల కంప్లైంట్లు, క్లోజ్ చెయ్యడమే పని. టీమ్‌లో ఇద్దరు ఒరాకిల్ జావా సర్టిఫికేషన్ పాసై లింక్డ్‌ఇన్‌లో బ్యాడ్జ్ పెట్టేసరికి నాకు కంగారు మొదలైంది. మా సీనియరేమో ఆ కాగితం ఎవడూ చూడడు, ఎక్స్‌పీరియన్సే అడుగుతారు అంటాడు. ఉన్న టైమ్ దేనికి పెట్టమంటారు?

జవాబు: మీ సీనియర్ చెప్పింది సగం నిజం. ముందు ఆ పరీక్షలో ఏముంటుందో చూద్దాం. జావా 17 పరీక్ష అయితే 50 ప్రశ్నలు, 90 నిమిషాలు, 68 శాతం వస్తే పాస్. ఎక్కువగా చిన్న కోడ్ ముక్క ఇచ్చి ఇది కంపైల్ అవుతుందా, అయితే ఏం ప్రింట్ అవుతుంది అని అడుగుతారు. రోజూ ఎడిటర్ ఎర్రగీత గీసి చూపించే తప్పుల్ని అక్కడ మీ కళ్లే పట్టాలి, అదీ ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాల్లోపు. దీన్ని పనికిరాని చదువని నేను అనను, ఎందుకంటే నాకు ఒకసారి పనికొచ్చింది, కాకపోతే ఆలస్యంగా.

ఆ పరీక్షకి చదివినవాళ్లందరికీ తెలిసిన తిరకాసు ఒకటుంది. ఒకే నంబర్ ఉన్న రెండు ఇంటిజర్ ఆబ్జెక్టుల్ని డబుల్ ఈక్వల్స్ (==) తో పోలిస్తే 127కి ట్రూ వస్తుంది, 128కి ఫాల్స్ వస్తుంది. మైనస్ 128 నుంచి 127 దాకా విలువల్ని జావా ముందే కాష్‌లో పెట్టుకుని అడిగినప్పుడల్లా అదే ఆబ్జెక్ట్ ఇస్తుంది, అది దాటితే మామూలుగా కొత్తది తయారు చేస్తుంది, డబుల్ ఈక్వల్స్ చూసేది లోపలున్న విలువని కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా కాదా అని. నాకు నోటికొచ్చు ఇది. అయినా మా ప్రాజెక్ట్‌లో ఆర్డర్ నంబర్లు మ్యాచ్ అవ్వట్లేదని కంప్లైంట్ వస్తే రెండు రోజులు డేటాబేస్‌లో వెతుక్కుంటూ కూర్చున్నా, మా టెస్టుల్లో అన్నీ చిన్న చిన్న నంబర్లే కాబట్టి అవన్నీ పచ్చగా పాసవుతున్నాయి మరి. ఒక్క సర్టిఫికెట్టూ లేని మా కొలీగ్ వచ్చి "ఏ నంబర్ నుంచి ఫెయిలవుతోందో చూశావా?" అన్నాడు. చూశా. 128. అంతే, మిగతాది నేను చెప్పేశా, విలువల్నే పోల్చే ఈక్వల్స్ మెథడ్‌కి మార్చేసరికి పని అయిపోయింది. ఎక్కడ అన్నది అతను పట్టాడు, ఎందుకు అన్నది నాకు తెలుసు. పరీక్షలో అయితే ఆ నాలుగు లైన్లే కత్తిరించి మన ముందు పెడతారు, ఆఫీసులో వేల లైన్లలో ఆ నాలుగూ ఏవో మనమే వెతుక్కోవాలి, ఆ వెతుకులాట నేర్పే సిలబస్ నేనైతే చూడలేదు.

మీరు రోజూ చేసేది ఆ వెతుకులాటే కదా! సపోర్ట్ అని తీసిపారెయ్యకండి. క్లోజ్ చేసిన ప్రతి టికెట్‌కీ కారణం ఏంటో, ఎలా దొరికిందో రెండు లైన్లు రాసిపెట్టుకోండి, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అంతకన్నా సరుకేం కావాలి. టైమ్ ఉంటే పరీక్ష కూడా రాయండి, కానీ బ్యాడ్జ్ చూసి పుట్టిన కంగారుతో మాత్రం వద్దు.

ప్రశ్న: డంప్స్, అంటే బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, చదివి పాసైతే తప్పేంటి? అందరూ చేసేదే కదా.

జవాబు: దొరికితే సర్టిఫికెట్ క్యాన్సిల్ చేస్తారు, మళ్లీ రాయకుండా బ్యాన్ కూడా చెయ్యొచ్చు. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో "ఆ ఆన్సర్ ఎందుకు కరెక్ట్?" అని ఒక్కటి అడిగితే చాలు. రెజ్యూమెలో ఏదీ లేనివాడి కన్నా ఉండీ చెప్పలేనివాడి పరిస్థితి ఘోరంగా ఉంటుంది, అవతల కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

ప్రశ్న: నేను ఫ్రెషర్‌ని. ఎక్స్‌పీరియన్స్ లేదని ఎవరూ పిలవరు, పిలవకపోతే ఎక్స్‌పీరియన్స్ ఎలా వస్తుంది? సర్టిఫికెట్‌తో గట్టెక్కొచ్చా?

జవాబు: గడప దాకా తీసుకెళ్తుంది. దీని వెనక వ్యాపారం కూడా ఉంది లెండి, అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటివి తమ పార్ట్‌నర్ కంపెనీల దగ్గర సర్టిఫైడ్ ఉద్యోగులు ఇంతమంది ఉండాలని లెక్క పెడతాయి, అందుకే కొన్ని కంపెనీలు ఫీజు కట్టి మరీ రాయిస్తాయి. అలాంటిచోట మీ కాగితానికి నిజంగానే విలువుంటుంది. అయితే అన్నీ ఒక్కలాంటివి కావు. లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్ల కోసం ఉన్న రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు, మెషిన్ ఇచ్చి పని చేసి చూపించమంటారు, 300కి 210 రావాలి. చాలా సర్వర్ల మీద అప్లికేషన్లు నడిపే కుబర్‌నెటిస్‌కి ఉన్న సీకేఏ పరీక్ష కూడా అంతే, రెండు గంటలు కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ ముందే, అఫీషియల్ డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోనిస్తారు కూడా. మీ దారి సర్వర్ల వైపైతే వీటిల్లో ఒకటి పట్టుకోండి. గడువు మాత్రం చూసుకోండి, అమెజాన్ క్లౌడ్‌వి మూడేళ్లకే అయిపోతాయి.

ప్రోగ్రామింగే మీ దారి అయితే మీరు రోజూ వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్నదాంట్లో, ఒక చిన్న బగ్ తీసుకోండి, ముందు దాన్ని మీ మెషిన్‌లో రప్పించండి, తర్వాత సరిచేసి పంపండి, రివ్యూలో నాలుగు చీవాట్లు పడితే పడనివ్వండి. సొంత ప్రాజెక్ట్ పెడితే దాన్ని పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో ఎలా రన్ చెయ్యాలో తప్పకుండా రాయండి, ఎందుకంటే నేనైతే ముందు అదే తెరుస్తా, ఖాళీగా ఉంటే లోపలికి వెళ్లను కూడా.